లేని గంట

నీకు చెవి లేదమ్మాయ్, అన్నాడు మాస్టారు.
నూవొరో సంగీతం బడి, రెండో అంతస్తు,
కిటికీ అద్దం మీద వాన.
పియానో మీద రెండు మెట్లు నొక్కి
ఏది పైది, ఏది కిందిది చెప్పమన్నాడు.
నాకు రెండూ తడిసినట్టే వినిపించాయి.
ఆ మాటే చెప్పాను.
క్లాసంతా నవ్వింది.

పన్నెండేళ్ళు నాకు.
ఉన్న రెండు చెవులూ తడుముకుంటూ
కొండ బస్సెక్కి తొనారా వెళ్ళిపోయాను,
గావిను మామయ్య కొలిమి దగ్గరికి.

మామయ్యది గంటల పని.
చర్చి గంటలు కావు, గొర్రె మెడకు కట్టేవి.
ఇనుప రేకు మడిచి, ఇత్తడి ముక్కలు పేర్చి,
బంకమట్టి పూసి నిప్పుల్లోకి తోస్తాడు.
మట్టి పగలగొడితే బయటికొచ్చేది
ఇంకా నత్తిదే.
పెదవి మీద సుత్తితో చిన్నగా కొట్టి
మాటలు నేర్పాలి దానికి.

ఆ మధ్యాహ్నం ప్రెదు వచ్చాడు.
మంద కాపరి, గడ్డంలో గడ్డిపరకలు.
ఒక గంట తెగి లోయలో పడిపోయిందట.
ఎంత సైజుది? అన్నాను, దుకాణందారులా.
ఇద్దరూ నా వంక చూసి ఊరుకున్నారు.
ప్రెదు కళ్ళు మూసుకుని
మంద మొత్తాన్నీ గొంతులోకి తోలుకొచ్చి
సన్నగా కూనిరాగం తీశాడు.
మధ్యలో ఒకచోట ఆగాడు.
"ఇదిగో, ఇక్కడ" అన్నాడు,
పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టు.

మామయ్య ఒక గంట తీసి కొట్టాడు.
"కాదు, ఇది ఆకలి మీదుంది."
ఇంకోటి కొట్టాడు.
"ఇది మరీ పెళ్ళిభోజనం చేసొచ్చినట్టుంది."
మూడోది, నాలుగోది.
నాకు అన్నీ ఒకటే టంగుమనడం.

"పోయి మంద పక్కన కూర్చో" అన్నాడు మామయ్య.
"విననక్కర్లేదు. ఊరికే కూర్చో."

రాతిగోడ మీద కూర్చున్నాను.
నూట పదకొండు గొర్రెలు, ముప్ఫై గంటలు.
మొదట అది వడగళ్ళ వాన,
తర్వాత ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు.
పొద్దు వాలేసరికి, ఏరు తగ్గాక రాళ్ళు కనబడ్డట్టు
ఒక్కొక్కటీ పైకి తేలింది:
ముసలి పొట్టేలుది బొంగురు,
కుంటిదానిది రెండు దెబ్బలకొక తడబాటు,
బాలింత గొర్రెది, పిల్ల తాగుతున్నంతసేపూ మౌనం.
చీకటి పడేముందు
వాటి మధ్య ఒక సందు వినబడింది.
వినబడడమంటే చప్పుడేం కాదు.
అమ్మ మెట్లు దిగుతూ ఒక మెట్టు దాటేస్తే
మంచం మీద పడుకున్న నా కాలు జారేది,
అలాంటిది.

లోపలికి పరిగెత్తాను. బల్ల మీద గంటలు.
ఆరు వాయించి, ఏడోది ఎత్తి పట్టుకున్నాను.
ప్రెదు ఏమీ అనలేదు.
జేబులోంచి గట్టి చీజ్ తీసి
మొదటి ముక్క నాకు కోసిచ్చాడు.
మామయ్య మాత్రం, "ఇంకొక్క దెబ్బ పడాలి" అన్నాడు.
కొట్టాడు. ఆయనదే రైటు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. నూవొరోలోనే మందుల షాపు.
పాడడం ఇప్పటికీ రాదు.
పాడితే మా ఆయన టీవీ సౌండు పెంచుతాడు.
కానీ ఒక ఆగస్టు రాత్రి
ఇన్సులిన్ ఫ్రిజ్ రొద వీసమెత్తు కిందికి జారితే
షట్టరు దించబోతున్నదాన్ని ఆగిపోయాను.
మెకానిక్ వచ్చి, అంతా బాగానే ఉంది, మీ చెవే సరిగ్గా లేదన్నాడు.
తెల్లవారుజామున అది చచ్చిపోయింది.
మందులన్నీ అప్పటికే
పక్క కొట్టు చేపలవాడి ఐసుపెట్టెలో
ఆక్టోపస్‌ల సరసన చల్లగా పడుకున్నాయి.

పోయిన మంగళవారం మాస్టారు వచ్చారు,
చెవి మిషనుకు బ్యాటరీల కోసం.
నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పలేదు.
వేళ్ళు వణుకుతుంటే నేనే అమర్చాను.
మిషను కీచుమంది.
పాత అలవాటు, చూపుడువేలు లేచింది:
"ఏ స్వరం అది?"
తెలియదండీ, అన్నాను. నిజంగానే తెలియదు.
"కాకపోతే ఎదురింటి తలుపు కీలు ఉంది చూడండి,
ఇది దానికి ఒక్క మెట్టు పైన."
ఆయన తల అటు తిప్పారు.
ఆ తలుపు మళ్ళీ తెరుచుకునేదాకా
కౌంటరుకు అటొకరం, ఇటొకరం
బిల్లు సంగతి మరిచి నిలబడ్డాం.